సూది పెట్టని బొంత

పలాస,
ఏప్రిల్ 18.

ప్రియమైన మోహిని వదినకు,

ఉత్తరం చూడగానే గుండె మీద చెయ్యి వేసుకోకు. నేను బావున్నాను. కడుపులో ఉన్నవారూ బావున్నారు, నిన్నటి నుంచి కుడివైపు మకాం పెట్టారు. ఫోను ఉండగా ఉత్తరమేమిటి, అదీ పోలారావు ఐసుపెట్టె మూత కింద చేపలతో పాటు ప్రయాణం చెయ్యడమేమిటి అని నువ్వు అడిగేలోపే చెప్పేస్తాను. మీ ఇంట్లో ఫోను పొద్దస్తమానం అమ్మ ఒళ్ళో ఉంటుంది. నేను నీకోసం చేస్తే అమ్మ ఎత్తి స్పీకరు పెడుతుంది, వీధిలో సగంమంది నన్ను కుశలం అడుగుతారు, నువ్వు లైనులోకి వచ్చేసరికి నా చార్జింగు అయిపోతుంది. మెసేజీ పెడితే దారిన పోయేవాళ్ళని పిలిచి చదివించుకుంటుంది. నాకు జాకెట్లు పట్టడం లేదని పోయిన నెల నీకొక్కదానికే రాశాను. ఇప్పుడా సంగతి కాంతమ్మ పిన్నికీ తెలుసు, ఆవిడ పాలవాడికీ తెలుసు.

విషయానికి వస్తున్నాను. నాకొక బొంత కావాలి వదినా. బిడ్డ పుట్టేనాటికి సిద్ధంగా ఉండాలి.

మన ఇంటి కట్టు నీకు తెలియంది కాదు. బిడ్డ ఏడుపు చెవిన పడేదాకా ఆ బిడ్డ బొంతకు సూది తగలకూడదు. ఏడుపు విన్నాకే అమ్మ కూర్చునేది. పదో రోజుకల్లా ఒక్క ముడత లేని బొంత తెచ్చి ఒళ్ళో పెట్టేది. దాని మొదటి ఉతుకు కూడా తనదే, సరుగుడు తోట అవతలి నూతి దగ్గర, ఎవరి కళ్ళూ పడకుండా. ఇదంతా నేను కాదనను. కానీ నాకు రెండుసార్లు నెలలు నిండకుండానే పోయింది. ఇప్పుడు ఆరో నెల. ఇంట్లో బిడ్డకోసమని ఒక్క గుడ్డముక్క లేదు. మురళి కొంటానంటే నేనే వద్దన్నాను, ధైర్యం చాలక. అయినా ఎక్కడో ఒకచోట, ఈ బిడ్డ వస్తుందని నమ్మి తయారవుతున్న వస్తువు ఒకటుండాలని ఉంది. అది నా కళ్ళముందు ఉండక్కర్లేదు, మీ ఇంట్లో ఉంటే చాలు.

దానికొక ఉపాయం దొరికింది. మా బడిలో పిల్లలు రంగు కాగితాలు అంటించే తెల్ల గమ్ము ఉంది చూడు, బట్టలకు అంటినా ఉతికితే పోయేది. కొన్ని దేశాల్లో బొంతలు కుట్టేవాళ్ళు ముందుగా టాకాలు వెయ్యకుండా పొరల మధ్య ఆ గమ్మే రాసి అతికించేస్తారట. పొరలు కదలవు, ముడత పడదు. కుట్టాక ఉతికితే గమ్ము పోతుంది, కుట్టు మిగులుతుంది. వీడియో చూశాను.

సూది తగలకూడదన్నారు. గమ్ము తగలకూడదని ఎవరూ అనలేదు.

అమ్మకు మాత్రం తెలియకూడదు.
నీ మరదలు,
వనజ

*

మంచినీళ్లపేట,
ఏప్రిల్ 23.

చిరంజీవి వనజకు,

నీ ఉత్తరం కొబ్బరిచెట్ల వెనక్కి పోయి చదువుకున్నాను. పెళ్ళికాకముందు కూడా నాకెవరూ ఇంత దొంగతనంగా ఉత్తరం రాయలేదు.

అడగడానికి నీకు నేనే దొరికానా తల్లీ. నా కుట్టును మీ అమ్మ ఎండ్రకాయ నడక అంటుంది. కాపరానికొచ్చిన కొత్తలో దిండుకి గలీబు కుట్టమంటే నాలుగువైపులా కుట్టేసి, దూది ఎటునుంచి పెట్టాలత్తా అని అడిగిన మనిషిని. అయినా చేపలు తోముకుంటూ రెండు రోజులు ఆలోచించాను. నువ్వు చెప్పిన దాంట్లో తప్పేమీ కనబడలేదు. అయినా ఒకసారి రూలు సరిచూసుకుందామని అత్త పక్కన చేరి, బిడ్డ పుట్టకముందు బొంతకి ఏమేం చెయ్యకూడదని ఊరికే అడిగినట్టు అడిగాను.

"సూది పెట్టకూడదు" అంది.

ఇంకేమిటి అన్నాను.

"ఇంకేటీ లేదు. సూదే." అలా అని నా ముఖంలోకి కాసేపు చూసి, మళ్ళీ ఫోనులో భజన పెట్టుకుంది. చూశావా, సాక్షాత్తూ జడ్జి నోటినుంచే తీర్పు తెచ్చాను.

ఇక చీరలు. పైపొరకు నువ్వు టెన్తులో వేసుకున్న పసుపు ఓణీ ఉంది. నా నీలం గళ్ళ నూలుచీర ఉంది, పదేళ్ళు కట్టి కట్టి వెన్నలా అయింది. నడిమికి అత్తది ఒకటి కావాలి కదా, నేల తుడవడానికి పాతచీర ఇమ్మన్నాను. పెట్టె తెరిచి అడుగునుంచి ఒక గంధం రంగు చీర తీసింది. అంత మెత్తటి చీర ఈ ఇంట్లో నేను చూడలేదు. నేల తుడవడానికి ఇంత మంచిది ఎందుకత్తా అంటే, నేల బాగా తుడువు అంది. పెద్దవాళ్ళయ్యాక మతిమరుపు వస్తుంది కాబోలు.

వేట ఆపేశారు కదా, మీ అన్న జూన్ దాకా ఇంట్లోనే. కాళ్ళకడ్డం తగులుతున్నాడు. ఆయనకు చెప్పను, ఆయన కడుపులో మాట రేవు దాకా కూడా నిలవదు.

గమ్ము పంపు. ఎలా రాయాలో మూడేళ్ళ పిల్లకు చెప్పినట్టు చెప్పు.
నీ వదిన,
మోహిని

*

పలాస,
ఏప్రిల్ 27.

బంగారు వదినకు,

నాలుగు సీసాలు పంపుతున్నాను. పోలారావు ఇవేమిటని అడిగాడు, వదిన చదువుకుంటోంది అని చెప్పాను. నమ్మాడు.

ఇదిగో పద్ధతి. చీరలు గంజి పెట్టకుండా ఉతికి ఎండబెట్టు. కత్తెర పెట్టకు, మన బొంతలకు మడతే కదా. చదునైన నేలమీద పరిచి, నడుమనుంచి అంచులకు అరచేత్తో ముడతలు తోసెయ్యి. ముందు పాత గుడ్డముక్క మీద వేసి, ఉతికి, పోతోందో లేదో చూసుకో. తరవాత పొర పైకెత్తి, ముగ్గు వేసినట్టు సన్నగా గీతలు గీయి, గీతకూ గీతకూ జానెడు ఎడం ఉండాలి. ఎక్కువైతే రేపు సూది దిగదు. పొర మీద పొర వేసి అదిమి, గోరువెచ్చని ఇస్త్రీపెట్టె తిప్పితే బేగి ఆరిపోతుంది. తడి మాత్రం తగలనివ్వకు. తడి తగిలితే ఊడిపోతుంది, దాని గొప్పంతా అదే.

నాకేమీ ఇబ్బంది లేదు. అన్నం సయిస్తోంది.
వనజ

*

మంచినీళ్లపేట,
మే 8.

వనజకు,

నాకు ముగ్గు కూడా రాదని నీకు గుర్తులేదా?

మొదటిరోజు సంగతి రాస్తున్నాను, పడుకుని చదువు. అత్తకు మోకాళ్ళ వల్ల వలలగది మెట్లు ఎక్కడం కష్టం కదా, అందుకని వలలన్నీ ఒక మూలకు నెట్టి అక్కడ పరిచాను. సీసా మూతికి కన్నం చిన్నగా పెట్టాలని నువ్వు రాయలేదు. నేను కత్తిపీట మీద కోశాను. ముగ్గు గీత కాదు, వరద వచ్చింది. తుడుద్దామని అరచేత్తో పులిమాను. నా చెయ్యి చీరకు అంటుకుంది, చీర నేలకు అంటుకుంది, అప్పుడే అత్త కింద నుంచి పులుసు పొంగిపోతోందని కేకలు. వదిలేసి వెళ్ళి, కూర దించి, తిరిగొచ్చేసరికి బొంత సిమెంటు గచ్చుకు అతుక్కుపోయింది. చెంబుడు నీళ్ళు పోశాక గాని లేవలేదు. లేచింది, పొరకు పొర విడిపోయి మూడు చీరలుగా లేచింది. ఉతికితే పోతుందా లేదా అన్న పరీక్ష మాత్రం బ్రహ్మాండంగా పాసయింది.

రెండోసారి సన్నగానే గీశాను. అయితే మా ఊరి గాలి సంగతి నువ్వు పలాస పోయి మరిచిపోయావు. సముద్రం ఇంటిముందు పెట్టుకుని ఏది ఆరుతుంది? మూడు రోజులు అలాగే జిగటగా ఉంది. దానిమీద ఇసుక, కొబ్బరి పీచు, ఒక చీమల పెళ్ళి ఊరేగింపు.

మూడోసారికి ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చాను. ఇది కొన్నది నీ పెళ్ళికి, వాడింది ఆ ఒక్కరోజే. ఎందుకని అత్త అడిగింది. మీ అబ్బాయి చొక్కాలకి అన్నాను. ఇక చెప్పిన అబద్ధానికి సాక్ష్యం ఉండాలి కదా, రోజూ మీ అన్నకు ఇస్త్రీ చొక్కా తొడిగాను. ఆయన ఆ చొక్కాతోనే రేవుకెళ్ళి పడవ అడుగు గీకుతున్నాడు. నాలుగోరోజుకి మత్స్యకారుల సంఘం ఎన్నికల్లో నిలబడుతున్నాడని ఊరంతా పుకారు. ఎదురుపడ్డవాళ్ళు దండం పెడుతున్నారు, టీ తాగమంటున్నారు. ఆయన కాదని అనడం లేదు. నిన్న అద్దం ముందు నిలబడి నెమ్మదిగా చెయ్యి ఊపి చూసుకుంటుంటే నా కళ్ళారా చూశాను.

అసలు మాట. బొంత అయింది వనజా. ఒక్క ముడత లేదు. రెండు చేతులతో ఎత్తితే మూడు చీరలూ ఒకటిగా లేచాయి. ఒక్క సూది కూడా పెట్టలేదు. నా చేత్తో తిన్నగా వచ్చిన వస్తువు ఈ జన్మకు ఇదే.
మోహిని

*

పలాస,
మే 21.

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వితే పొట్ట ఒక పక్కకు ఒరిగింది. మురళి పరుగెత్తుకొచ్చాడు. ఆయన స్టేషనులో టికెట్ల కౌంటరులో కూర్చుని కూర్చుని, ఇప్పుడు బిడ్డ తన్నులకు కూడా టైంటేబులు రాస్తున్నాడు. తన్ను పది నలభై రెండు, రావలసిన సమయం పదిన్నర, ఆలస్యం పన్నెండు నిమిషాలు. ఆలస్యం అరగంట దాటితే నన్ను లేపి నిలబెడుతున్నాడు.

నీకొక సంగతి దాచాను. అన్నం సయిస్తోందని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. పోయినసారి ఏ వారంలో పోయిందో మళ్ళీ ఆ వారం దగ్గరపడుతుంటే నాకు ముద్ద దిగలేదు. పోయిన వారం టెక్కలి తీసుకెళ్ళి స్కాను తీయించారు. బల్లమీద పడుకుని తెర వైపు చూడలేదు వదినా, గోడమీద పంకా వైపు చూశాను. చూస్తూ, వలలగదిలో పసుపు ఓణీ పరిచి ఉంది, నీలం గళ్ళు ఉన్నాయి, అమ్మ చీర ఉంది అని లెక్కపెట్టుకున్నాను. డాక్టరమ్మ అంతా బావుందంది. నేను ఏడ్చాను, మురళి నాకన్నా ఎక్కువ ఏడ్చాడు, ఆయనకే మంచినీళ్ళు తాగించారు.

ఆ వారం దాటింది. ఇప్పుడు తింటున్నాను, నిజంగానే. నువ్వు ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఒకసారి దానిమీద చెయ్యి వేసి, ఎలా ఉందో నాకు రాస్తూ ఉండు.
వనజ

*

మంచినీళ్లపేట,
జూన్ 10.

వనజా,

ఎలా ఉందో రాయమన్నావు. ఒక మూల పడవ అయిపోయింది.

కోప్పడకుండా మొదటినుంచీ విను. మొన్న గాలివానకు వలలగది పెంకు జారి ఒక మూల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ మూల పొరలు విడిపోయాయి. నేను చూసేలోపే మీ అన్న చూశాడు. పదిహేనో తారీకు వేటకు దిగాలి కదా, ఫైబరు పడవకు పగుళ్ళు అతికే రెజిను డబ్బా కోసం పైకెళ్ళాడు. ఇదేంటని నన్ను పిలిచాడు. ఇక దాచి లాభం లేక మొత్తం చెప్పాను. నువ్వు రాసిందీ, గుడ్డముక్క కొనలేదన్నదీ అన్నీ. ఆయన కింద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ చొక్కాతోనే కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ఆ విడిపోయిన మూల పట్టుకుని ఇది ఎందుకు ఊడిందని అడిగాడు. ఈ గమ్ము నీళ్ళు తగిలితే ఊడుతుంది, మంచి గమ్ము అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు ఎలా రాయను. సముద్రం మీద పుట్టి పెరిగినవాడు కదా.

"నీల్లలో ఊడిపోయేదాన్ని గమ్మంతారేటే? మా సెల్లి బొంతకి ఇదేటి రాసినారు? ఒగ్గీ, నాను సూసుకుంతాను."

ఆ మాటకి నేను అర్థం చేసుకోవలసింది. చేసుకోలేదు, పొయ్యిమీద పాలు ఉన్నాయని దిగిపోయాను. ఆయన రెజిను తీసి, గట్టిపరిచే మందు కలిపి, పడవకు రాసినట్టే బ్రష్షుతో ఆ మూలలో ప్రతి పొరకూ రాసి, పైన రాయి పెట్టి, పనికి పోయాడు. తెల్లారి చూస్తే బొంతకు మూడు మూలలు గుడ్డ, నాలుగో మూల జానెడు పలక. కొడితే టకటకమంటోంది. ఆయన గుమ్మంలో నిలబడి, తుపానొచ్చినా ఇక ఊడదు అంటున్నాడు, బహుమతి ఇచ్చేవాడి ముఖం పెట్టుకుని. ఆ ముఖం మీద నేనేం తిట్టను.

నీళ్ళలో నానబెట్టాను, ఆ మూల ఒక్కటే. కిరసనాయిలు రాశాను. నీలగిరి తైలం కూడా రాశాను, ఎందుకో నాకే తెలియదు. ఏం లాభం లేదు. కత్తిరించేద్దామంటే చెయ్యి రావడం లేదు. బిడ్డ రాకముందు బిడ్డ బొంతను కొయ్యడమా? నా ఒక్కగానొక్క తిన్నటి పని వనజా. కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ దాన్ని టకటకా కొట్టి చూసి, నవ్వొచ్చింది.

ఏం చెయ్యమంటావో బేగి రాయి.
మోహిని

*

పలాస,
జూన్ 13.

వదినా,

కొయ్యొద్దు.

ఆ ఉత్తరం చదివి నవ్వుతూ మంచం మీద నుంచి లేవలేకపోయాను. మురళి నొప్పులనుకుని ఆటో తెచ్చేశాడు. ఆటోవాడు కూడా లోపలికొచ్చి నా చేతులు పట్టుకుని ధైర్యం చెప్పాడు. నేను నవ్వుతూనే ఉత్తరం మురళి చేతికిచ్చాను. మురళి గుమ్మంలో నిలబడి చదివాడు, ఆటోవాడికి కూడా చదివి వినిపించాడు, ఇద్దరూ అరుగుమీద కూర్చుండిపోయారు. వాడి మేనమామ కూడా ఫైబరు పడవే నడుపుతాడట, అలాంటి పనులు చేసే మనిషేనన్నాడు.

రెండుసార్లు పోయినప్పుడూ అన్నయ్య నాతో ఒక్కమాట మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తెలియక వచ్చి ఒక బుట్టెడు రొయ్యలు పెట్టి వెళ్ళిపోయాడు. ఈ మూల అన్నయ్య నాతో మాట్లాడిన మాట అనుకుంటాను. అది అలాగే ఉండనీ. కాళ్ళవైపు వచ్చేలా పరుచుకుంటాను.

అన్నయ్యకు చెప్పు, చాలా గట్టిగా ఉందని నేను మెచ్చుకున్నానని.
వనజ

*

మంచినీళ్లపేట,
జులై 3.

వనజకు,

చెప్పాను. అప్పటినుంచి ఖాళీ దొరికితే దాన్ని గరుకుకాగితంతో రుద్దుతున్నాడు. గాజులా నున్నగా అయింది, వాసన కూడా పోయింది. నీలం రంగు వేసి పడవ నంబరు రాయనా అని అడిగాడు. వద్దన్నాను. మొహం మాడ్చుకున్నాడు.

ఇంకో సంగతి, దీనికి నవ్వకు. నిన్న నేను సంతకెళ్ళి వచ్చేసరికి బొంత నేను పెట్టిన చోట లేదు. అదే గదిలో, కొంచెం ఎత్తుమీద, పాత దుప్పటి కప్పి, చీమలు రాకుండా చుట్టూ పసుపు చల్లి ఉంది. మడత మార్చి ఉంది, నేను పెట్టేదానికన్నా చక్కగా. మీ అన్నను అడిగితే నాకు తెలియదన్నాడు. అత్త వాకిట్లో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఎందుకత్తా నొప్పిగా ఉందా అంటే, మెట్లెక్కితే ఉండదేటి అంది. మళ్ళీ ఫోనులో భజన పెట్టుకుంది.

బొంత ఊసే ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు భయంగా ఉంది.
మోహిని

*

మంచినీళ్లపేట,
ఆగస్టు 5.

బాలింతరాలికి,

ఈ ఉత్తరం పోలారావు తేవడం లేదు. నిన్నూ పిల్లనూ చూడడానికి అత్త వస్తోంది కదా, ఆవిడ సంచిలో బొంత మడతల్లో పెట్టాను. ఆవిడకు తెలిసే పెట్టాను.

పోయిన నెల ఇరవై నాలుగో తారీకు పొద్దున సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. మురళన్నయ్య టెక్కలి ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు, మామూలుగానే అత్త ఎత్తింది, స్పీకరు పెట్టింది. ఆడపిల్ల అని సగం చెప్పి, ఫోను పిల్ల దగ్గర పెట్టేశాడు. నీ కూతురి ఏడుపు మా వీధంతా వింది. నీళ్ళకెళ్ళేవాళ్ళు బిందెలు దించేశారు. అత్త ఫోను చెవికి ఆనించుకుని, "ఇంకోపాలి ఏడిపించు బాబూ, సరిగ్గా ఇనబళ్ళేదు" అంది. మూడుసార్లు ఏడిపించింది నీ కూతుర్ని. మూడోసారి విన్నాక ఫోను కట్టేసి నావైపు తిరిగి చెయ్యి చాపింది.

"తే."

ఏంటత్తా అన్నాను.

"వలలగదిలోది. సూది కూడా అట్టుకురా."

తెచ్చి ముందు పెట్టి, తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ వంకర వేళ్ళతో బొంత నడుమ ఒక్క కుట్టు వేసి సూది నాకిచ్చింది. మిగతాది నన్ను కుట్టమంది. నా ఎండ్రకాయ నడక చూసి నేనే సిగ్గుపడుతుంటే, గమ్ము కదలనివ్వదు, దారి తప్పవు, కుట్టుకుంటూ పో అంది. గమ్ము సంగతి నీకెలా తెలుసత్తా అన్నాను. అప్పుడు చెప్పింది వనజా. ఆవిడ మాటలు నేను దిద్దకుండా రాస్తున్నాను, నీకు రాయమని ఆవిడే చెప్పింది.

"పది దినాల్లో బొంత ఎవులు కుట్టగల్రే? బిడ్డ కడుపులో ఉండగానే సింతగింజలు ఉడకబెట్టి, రుబ్బి, ఆ జిగురేసి సీరలు పరిసీసి దాసీదాన్ని. సూది పెట్టలేదు గదా, కట్టు తప్పలేదు. మొదటి ఉతుకు ఎవులూ సూడకూడదని ఎందుకన్నాననుకున్నావు? నీల్లు తెల్లగా ఒచ్చేత్తాయి, ఊరంతా సూడదేటి?"

నేను పగలబడి నవ్వాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి ఆడవాళ్ళంతా ఆవిడ పనితనాన్ని తలుచుకుని కుళ్ళిపోతున్నారు. నాతోపాటు ఆవిడా నవ్వింది. నవ్వుతూనే ఆ గంధం రంగు చీర అంచు పట్టుకుని ఇంకో మాట అంది.

"వనజకి రెండుపాల్లూ ఏసినాను, ఈ సీరతోటే. రెండుపాల్లూ నూతికాడికి అట్టుకెల్లి నీల్లలో పెట్టినాను. ఊడిపోనాది. ఆరేసి మల్లా పెట్టిలో పెట్టీసినాను. సూదైతే సిల్లులు ఉండిపోతాయి గదే. జిగురైతే ఏటీ జరగనట్టుంతాది."

నా చేతిలో సూది ఆగిపోయింది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆవిడ ఇక్కడ ఒక్కర్తే ఏం చేసిందో మనకెవరికీ తెలియలేదు. నేల తుడవడానికి పాతచీర అడిగిన రోజే ఆవిడకు నా సంగతి తెలిసిపోయిందట. తెలిసే ఆ చీర ఇచ్చిందట. కానీ భయం మాత్రం పోలేదట, మూడోసారి కూడా నీళ్ళలో పెట్టాల్సి వస్తుందేమోనని. నేను సంతకెళ్ళిన రోజు మెట్లెక్కి, దాన్ని చూసి, మీ అన్న అతికిన మూల పట్టుకుందట.

"ముందు ఆడ్ని తిట్టుకున్నాను. ఆ తరువాత లాగి సూసినాను. ఊడ్లేదు. ఈపాలి నాను నీల్లలో పెట్టినా ఇది ఊడదనుకున్నాను. ఆ దినం నుండీ నాకు నిద్దర పట్టింది."

ఇది రాస్తుంటే కాగితం తడుస్తోంది, నాకు వేరే కాగితం లేదు. అత్త పక్కనుంచి, పొడుగు రాయకు, పిల్లకు పాలిచ్చుకుంటూ చదవాలి అంటోంది.

ఆ మొదటి కుట్టు తప్ప అంతా నాదే. వంకరగా ఉన్నచోట నవ్వుకో. ఆ పలక మీదకు సూది దిగలేదు, చుట్టూ తిప్పి కుట్టాను. మొదటి ఉతుకు ఇంకా కాలేదు. అది పలాసలోనే అట, ఆవిడ మాట.
మోహిని

*

పలాస,
ఆగస్టు 9.

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ ఎదురుగా కూర్చుని పిల్ల కాళ్ళకు నూనె రాస్తోంది, నా ముఖం చూడలేదు. నేను లేచి వెళ్ళి ఆవిడ వీపుకు ఆనుకుని కూర్చున్నాను. నూనె చేతులతోనే నా తల నిమిరింది, నిన్న తలంటుకున్న జుట్టు మళ్ళీ జిడ్డు.

మురళి తన టైంటేబులు పుస్తకం చివరి పేజీలో, చేరుట ఉదయం 7.14 అని రాసి కింద రెండు గీతలు గీశాడు. పుస్తకం దాచమన్నాడు, కూతురికి చూపిస్తాడట. పుస్తకం మూసిన సాయంత్రమే బజారుకెళ్ళి గౌన్లు, టోపీలు, మేజోళ్ళు సంచీడు తెచ్చాడు. మూడేళ్ళ పిల్లకు సరిపోతాయి. ఈసారి నేను వద్దనలేదు.

నీ కుట్టు చూశాను. కాంతమ్మ పిన్ని ముఖం మీద పెట్టి చూపించవచ్చు. ఒక్కచోట వంకర ఉంది, సరిగ్గా నా ఓణీ మీద నేను టెన్తులో సిరా ఒలకబోసుకున్న మరక దగ్గర. దాన్ని చుట్టి వెళ్ళావు. అది కావాలనే చేశావని నాకు తెలుసు.

ఈ రోజు పొద్దున మొదటి ఉతుకు. అమ్మ పెద్ద గంగాళం పెట్టించింది, నన్ను పక్కన పీట వేసుకుని కూర్చోమంది. ఎవరూ చూడకూడదు కదమ్మా అంటే, నువ్వు సూడాల అంది. పిల్లను మురళి ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బొంత ముంచగానే నీళ్ళు నువ్వు రాసినట్టే తెల్లబడ్డాయి. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోశాం, మూడోసారికి తేటగా వచ్చాయి. పొరలన్నీ మెత్తబడ్డాయి, నీ కుట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మూడు చీరలూ కలిసే ఉన్నాయి.

తీసి దండెం మీద వేస్తుంటే అమ్మ, అన్నయ్య అతికిన మూల చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ చూసి, బలంగా లాగింది. ఊడలేదు. ఇంకోసారి లాగింది. చీరకు చెయ్యి తుడుచుకుని మూడోసారి కూడా లాగి చూసి, అప్పుడు పిల్లను ఇమ్మని మురళి వైపు చేతులు చాపింది.
నీ వనజ